కాపలా కూలి

సాహిత్య పత్రికలో మూర్ఛవ్యాధి గురించి రాయడమేమిటని, అదీ ఒక బ్యాంకు ఉద్యోగి రాయడమేమిటని పాఠకులకు అనిపిస్తే అందులో వింత లేదు. నేను వైద్యుణ్ణి కాను. చదివింది కామర్సు, చేసేది జమాఖర్చుల పని. అయితే ఈ వ్యాధి గురించి చదివిన కొన్ని సంగతులు ఒక నైతిక ప్రశ్నను నా ముందు నిలబెట్టాయి. అది డాక్టర్లకు మాత్రమే వదిలేయదగిన ప్రశ్న కాదు. బరంపురంలోగాని, ఛత్రపురంలోగాని, అస్కాలోగాని పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంటికీ సంబంధించినది. మనల్ని కాపాడే ప్రతిదీ మన దగ్గరనుంచి ఏదో ఒకటి తీసుకుంటుంది. ఆ కూలి ఎంత? ఎవరు చెల్లించాలి? చెల్లించేవారిని ముందుగా అడగాలా, అక్కరలేదా?

ముందు వ్యాధి పేరు చూద్దాం. మనం మూర్ఛ అంటాం, ఫిట్స్ అంటాం. పాతతరంవారు కాకిసోమాల అనేవారు. మన ఒడియా ఇరుగుపొరుగులు మృగి అంటారు. ఆయుర్వేదం పెట్టిన పేరు అపస్మారం. అంటే స్మృతి తొలగిపోవడం. చరకసంహితలో ఈ వ్యాధి నిదానానికి ఒక అధ్యాయం, చికిత్సకు మరొక అధ్యాయం ఉన్నాయి. మన శిల్పులు నటరాజు పాదం కింద మరుగుజ్జు రూపంలో చెక్కినది ఈ అపస్మారాన్నే. శివుడు వాణ్ణి తొక్కిపట్టి ఉంచాడేగాని చంపలేదు. ఎందుకు చంపలేదన్నది ఆలోచించదగిన సంగతే. గ్రీసులో హిప్పోక్రటిస్ పేరుమీద నిలిచిన గ్రంథాల్లో ఒకటి, క్రీ.పూ. 400 ప్రాంతానిది, ఈ వ్యాధి దేవతల కోపంవల్ల రాదని, దీని మూలం మెదడులో ఉన్నదని వాదించింది. ఆ తర్వాత అరిస్టాటిల్ నిద్ర గురించి రాస్తూ, నిద్ర ఒకవిధంగా మూర్ఛవంటిదేనన్నాడు. యంత్రాలు లేనికాలంలో కంటితో చూసి అన్నమాట అది. పూర్తిగా సరైనది కాదు, పూర్తిగా తప్పూ కాదు.

యంత్రం రావడానికి రెండువేల ఏళ్లు పైబడి పట్టింది. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడుండేవాడు. యువకుడుగా సైన్యంలో ఉన్నప్పుడు ఒకసారి గుర్రం మీదనుంచి పడి, వెంట్రుకవాసిలో చావు తప్పించుకున్నాడు. అదేరోజు దూరాన ఉన్న అతని సోదరి కీడు శంకించి తండ్రిచేత టెలిగ్రాం ఇప్పించింది. ఒక మనసునుంచి మరొక మనసుకు ఏదో శక్తి ప్రసరిస్తుందని అతనికి నమ్మకం కుదిరింది. దానికోసం ఏళ్లతరబడి వెతికాడు. అది దొరకలేదు. ఆ వెతుకులాటలో 1924లో మనిషి తలపైనుంచి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేయగలిగాడు. 1929లో ఆ సంగతి ప్రకటించాడు. ఇవాళ డాక్టర్లు మూర్ఛరోగికి రాసే ఈ.ఇ.జి. పరీక్షకు పునాది అదే.

ఆ పరీక్షలో మెలకువ ఒకలాగా, నిద్ర ఒకలాగా కనిపిస్తాయి. మెలకువలో మెదడు బడాబజారులో పొద్దుటి పదిగంటల వేళ వంటిది. ఎవరి బేరం వారిది, ఎవరి కేక వారిది. అన్నీ కలిస్తే గోలేగాని తాళం ఉండదు. అందువల్ల గీతలు చిన్నవిగా, వడివడిగా పడతాయి. గాఢనిద్ర పట్టేసరికి సంత భజనగా మారుతుంది. లక్షలాది నాడీకణాలు ఒక్కసారి పలుకుతాయి, ఒక్కసారి ఊరుకుంటాయి. అప్పుడు గీతలు పెద్దవిగా, నెమ్మదిగా లేచి పడతాయి. సెకనుకు నాలుగుకంటే తక్కువసార్లు వచ్చే ఈ అలలను డెల్టా తరంగాలంటారు. వీటికి అడుగున సెకనుకు ఒకటికంటే తక్కువసార్లు వచ్చే మరింత మందమైన లయ ఉన్నదని 1993లో మిర్చా స్టెరియాడె అనే శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు చూపించారు. పగలంతా పనిచేసిన మెదడు సర్దుకునేదీ, నేర్చినదాన్ని పదిలపరచుకునేదీ ఈ నిద్రలోనే.

మూర్ఛ అంటే ఏమిటి? అదీ ఒక భజనే, కాని తాళం తప్పిన భజన. అదుపులేని నాడీకణాలు గుంపుగా, ఒకేసారి, ఆగకుండా మోగడం. అందువల్లనే గాఢనిద్రలోని సామూహిక లయ కొందరిలో మూర్ఛకు దారి ఇస్తుంది. ఈ.ఇ.జి.లో ముళ్లలాగా కనిపించే రోగచిహ్నాలు ఆ వేళ పెరుగుతాయి. కలలు వచ్చే నిద్రలో ఆ సామూహికత చెదిరిపోతుంది గనుక అవి తగ్గుతాయి, మూర్ఛలూ అరుదు. కొందరు పిల్లల్లో గాఢనిద్ర పొడవునా ఈ ముళ్లు ఎడతెగకుండా వస్తాయని 1971లో ముగ్గురు వైద్యులు వివరించారు. అటువంటి బిడ్డకు పగటిపూట ఫిట్లు పెద్దగా కనిపించకపోవచ్చు. కాని వచ్చిన మాటలు పోవచ్చు, చదువు వెనకబడవచ్చు. ఇంట్లో అందరూ నిద్రపోతున్న వేళ, ఎవరికంటా పడకుండా ఆ నష్టం జరిగిపోతుంది.

నిద్ర దారి ఇస్తుందని నిద్ర మానితే లాభమా? లేదు. నిద్రలేమి మూర్ఛను పిలుస్తుంది. రాత్రులు జాగారం చేసిన మర్నాడు, తెల్లవారి లేవగానే, ఫిట్ వచ్చేవారున్నారు. రెండేళ్లకొకసారి బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు ఊరంతా రాత్రుళ్లు మేలుకుంటుంది. పిల్లలు వేషాలు చూడాలని మారాం చేస్తారు. ఈ జబ్బున్న బిడ్డ తల్లికి ఆ రోజులు సంకటం. పంపితే భయం, పంపకపోతే బిడ్డ ఏడుపు. మన జిల్లానుంచి సూరత్ పవర్‌లూములకు వెళ్లే వేలాదిమందికి అక్కడ పన్నెండుగంటల షిఫ్టులు. పగలు కొన్నాళ్లు, రాత్రి కొన్నాళ్లు. ఈ జబ్బున్న కుర్రవాడు ఆ మగ్గాల మధ్య నిద్రచాలని కళ్లతో నిలబడడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతికి వస్తాను. 2023లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రకటించారు. మెదడులో ఒకచోట మొదలయ్యే రకం మూర్ఛ ఉన్న 25 మందిని వారు పరిశీలించారు. శస్త్రచికిత్సకు ముందు రోగస్థానం తెలుసుకోవడంకోసం వారి మెదడులోపలే ఎలక్ట్రోడులు అమర్చి ఉన్నాయి. జ్ఞాపకశక్తికి సంబంధించిన ఒక పని వారిచేత చేయించారు. అప్పుడు తేలినది ఇది: నిద్రలో రావలసిన మందలయ, మనిషి పూర్తి మెలకువలో ఉండగానే మెదడులో అక్కడక్కడా వస్తున్నది. రోగగ్రస్తమైన చోట ఉద్రేకం పెరిగినప్పుడు ఈ అల వచ్చి దాన్ని చల్లారుస్తున్నది. అంటే మెదడు తనను తాను కాపాడుకోవడానికి తనలో ఒక మూలను క్షణకాలం నిద్రపుచ్చుతున్నదన్నమాట. కాని ఈ అలలు హెచ్చినకొద్దీ రోగి జవాబు ఇవ్వడం ఆలస్యమైంది. కాపలా ఉంది, దానికి కూలీ ఉంది. ఆ కూలిని చురుకుదనంలోనుంచి, జ్ఞాపకంలోనుంచి వసూలు చేస్తున్నట్టు ఆ పరిశోధకులు భావించారు. ఒక్క అధ్యయనంతో శాస్త్రం తుదిమాట చెప్పదు. అయినా అపస్మారమన్న పాతమాట పక్కన దీన్ని పెట్టి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. స్మృతిని హరించేది రోగం ఒక్కటే కాదు, రోగాన్ని ఆపే కాపలాదారు కూడా ఆ ఖాతాలోనే చేయి పెడుతున్నాడు.

మందుల చరిత్రా ఇదే చెబుతుంది. 1857లో బ్రోమైడు వాడకం మొదలైంది. 1912లో ఫినోబార్బిటోన్ వచ్చింది. మన ఊళ్లలో గార్డినాల్ అంటే తెలియనివారు తక్కువ. రెండూ ఎందరినో ఫిట్లనుంచి కాపాడాయి, రెండూ మత్తు, మందకొడితనం తెచ్చాయి. ఇప్పుడు మెరుగైన మందులెన్నో ఉన్నాయి, కూలి తగ్గింది. సరైన రోగనిర్ణయం, చికిత్స దొరికితే రోగుల్లో నూటికి డెబ్భైమంది దాకా ఫిట్లు లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయినా పూర్తిగా ఉచితమైన రక్షణ ఇంతవరకు కనిపెట్టినవారు లేరు.

బ్యాంకులో పనిచేసేవాడికి ఇది కొత్త కాదు. మొండిబాకీలు రావచ్చునని ఏటా లాభంలోనుంచి కొంత మొత్తం పక్కనపెడతాం. ఆ మేరకు లాభం తగ్గుతుంది. వాటాదారు విసుక్కుంటాడు, డిపాజిటుదారు నిశ్చింతగా నిద్రపోతాడు. అయితే మా లెక్కల్లో ఒక నియమం ఉంది. పక్కనపెట్టిన ప్రతి రూపాయీ పద్దుల్లో కనబడాలి. దాచిన కేటాయింపు కేటాయింపు కాదు. ఎంత పోయిందో, దేనికోసం పోయిందో తెలిస్తేనే సంస్థ ఆరోగ్యం తెలుస్తుంది.

ఈ నియమాన్ని మనుషులకు వర్తింపజేస్తే మొదటి నీతి సులువుగానే దొరుకుతుంది. తరగతిలో ప్రశ్న అడిగితే ఒక క్షణం ఆలస్యంగా జవాబు చెప్పే పిల్లవాణ్ణి మొద్దు అంటాం. పేరు పిలిస్తే పలకని పిల్లను పరధ్యానమంటాం. ఆ ఆలస్యం ఆ బిడ్డ బద్ధకం కాకపోవచ్చు, కట్టిన కూలి కావచ్చు. అది తెలియకుండా తిట్టడమంటే ఒకే బాకీని రెండుసార్లు వసూలు చేయడం. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండో నీతి అంత సులువు కాదు. మెదడు వేసుకున్న కాపలా కాక, కుటుంబం వేసే కాపలా ఒకటి ఉంది. దాని పేరు దాపరికం. బిడ్డకు ఫిట్లు వస్తాయన్న సంగతి గడప దాటనివ్వం. పొరుగూరి డాక్టరు దగ్గరకు తీసుకువెళతాం. ఊళ్లోనే 1962నుంచి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఉన్నా, అక్కడ తెలిసినవాళ్లు కనబడతారని విశాఖపట్నం రైలెక్కుతాం. మాత్రలను విటమిన్లంటాం. చుట్టాలముందు ఆ మాట రావలసివస్తే పిల్లకు అర్థంకాకుండా కనుసైగలతో మాట్లాడుకుంటాం. ఇదంతా ప్రేమతోనే చేస్తాం. లోకం నోరు మంచిది కాదు. పెళ్లి కాదేమోనని బెంగ, ఉద్యోగం పోతుందేమోనని భయం.

కొన్నాళ్ల కిందట ఒక పెద్దాయన కొడుకు పేర అప్పుకోసం వచ్చాడు. అప్పుతోబాటు బీమా తీసుకోదలచి, ఆరోగ్యం గురించిన గడి దగ్గర కలం ఆపి, గొంతు తగ్గించి అడిగాడు. ‘‘బాబూ, కుర్రోడికి మూర్ఛలొత్తాయి. ఇది రాయాలా? రాత్తే ఏటవుతాది?’’ రాయాలనే చెప్పాను. బీమా ఒప్పందం పూర్తి విశ్వాసం మీద నిలబడుతుందని బి.కాం.లో చదువుకున్నాం. దాచి సంతకం పెడితే రేపు అవసరం వచ్చినప్పుడు ఆ కాగితమే అడ్డం తిరగవచ్చు. 2015 సవరణ తర్వాత పాలసీ మూడేళ్లు నిండితే దాన్ని ప్రశ్నించకూడదన్న రక్షణ వచ్చింది. అయినా ఆ మూడేళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? ఆయన రాశాడు. రాస్తూ, ‘‘పెళ్లిసంబంధాలోళ్లకి ఇలాగ గళ్లుండవు కద బాబూ’’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబుకోసం చేసిన ప్రయత్నమే.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణలో, తరచుగా ఉన్మాదంగాని మూర్ఛగాని వచ్చేవారు వివాహానికి అర్హులు కారన్నట్టు రాశారు. రెండు వేరువేరు సంగతులను ఒకే వాక్యంలో కట్టేశారు. ఇరవైమూడేళ్లపాటు ఆ మాట చట్టపుస్తకంలో ఉంది. 1999లో మూర్ఛ అన్న పదాన్ని తొలగించారు. అంటే ఈ వ్యాధి ఇవాళ పెళ్లికి చట్టప్రకారం అడ్డంకి కాదు. అయితే అదే చట్టంలో 12వ సెక్షను ఉంది. ముఖ్యమైన విషయంలో మోసంచేసి సమ్మతి పొందితే, ఆ వివాహాన్ని రద్దుచేయమని అవతలివారు కోరవచ్చు. ఏ విషయం ముఖ్యమైనదో, ఏది మోసమో కోర్టులు ఆయా కేసునుబట్టి తేలుస్తాయి. మొత్తంమీద చట్టం రోగాన్ని క్షమించింది, వంచనను క్షమించలేదు.

దాచేవారి పక్షం తేలికగా కొట్టివేయలేము. వారు అడిగే ప్రశ్న న్యాయమైనదే: నిజం చెబితే శిక్షించే లోకానికి నిజం ఎందుకు బాకీపడాలి? మధుమేహం ఉన్నదని చెప్పిన వరుణ్ణి ఎవరూ వెళ్లగొట్టరు. మూర్ఛ అనగానే పీటలమీదనుంచి లేచిపోతారు. నిజం చెప్పడానికి అయ్యే ఖర్చంతా ఒక్క ఆడపిల్ల మీద వేసి, మనం నీతులు చెప్పడం అన్యాయం. దాపరికంలో ఉన్న తప్పులో పెద్దవాటా ఆ దాపరికాన్ని తప్పనిసరి చేసిన మనదే.

అయినా దాపరికం నాకు సమ్మతం కాదు. కారణం సత్యవ్రతం కాదు, లెక్క. దాచిన పెళ్లిలో ఏం జరుగుతుందో వరుసగా ఆలోచించండి. పెళ్లిపనులతో, తంతులతో రెండుమూడు రాత్రులు నిద్ర ఉండదు. కొత్త ఇంట్లో మాత్ర ఎవరైనా చూస్తారని పిల్ల మానేస్తుంది. మందు హఠాత్తుగా మానడం, నిద్ర లేకపోవడం, ఈ రెండూ మూర్ఛకు ఎర్రతివాచీ పరిచినట్టే. ఫిట్ వస్తుంది. చుట్టూ ఉన్నవారికి ఏంచేయాలో తెలియదు. చేతిలో తాళాలగుత్తి పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు. చేయవలసింది మాత్రం పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తడం. ఏ కాపలాకోసం దాచామో ఆ కాపలాయే పిల్లను పట్టించి ఇచ్చింది. కూలి తీసుకున్నది, పని చేయలేదు. మెదడు వేసుకునే కాపలా కూలి తీసుకున్నా ఫిట్‌ను ఆపడానికి పాటుపడుతుంది. మన కాపలాకు ఆ న్యాయం కూడా లేదు.

పైగా పిల్ల మెదడు తీసుకునే కూలి పిల్లదే. దాపరికంలో అలా కాదు. నిర్ణయం తండ్రిది, మేనమామది, పెళ్లిళ్ల పేరయ్యది. చెల్లింపు పిల్లది. ఆమెను ఎవరూ అడగరు. తన శరీరం గురించి తాను అబద్ధమాడుతూ బతకాలన్న ఒప్పందం మీద ఆమె సంతకం లేదు. అవతల పెళ్లికొడుకు సంతకమూ సమాచారం లేని సంతకమే. రెండు సంతకాలూ చెల్లనివైన కాగితాన్ని ఏ బ్యాంకులోనూ తీసుకోరు.

అలాగని తమలపాకులు పంచినట్టు ఊరంతా చెప్పుకోవాలా? అక్కరలేదు. ఇక్కడ నాకు తోచిన హద్దు ఒకటుంది. ఎవరు నిద్రను పంచుకుంటారో వారికి తెలియాలి. భర్త, భార్య, హాస్టలు గదిలో స్నేహితుడు, సూరత్‌లో ఒకే గదిలో పడుకునే సాటి కార్మికుడు. నిప్పు, నీరు, ఎత్తు, యంత్రం ఉన్నచోట పక్కన నిలబడేవారెవరో వారికి తెలియాలి. గోపాలపురం సముద్రంలో దిగేటప్పుడు తోడువచ్చినవాడికి తెలియాలి. మిగిలినవారికి తెలియవలసిన అగత్యం లేదు. వారు అడిగితే చెప్పవలసిన బాధ్యతా లేదు. చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది, వయసు వచ్చిన రోగి తానే తేల్చుకోవాలి. పెద్దలు పక్కన నిలబడాలి, ముందు నిలబడకూడదు. చిన్నపిల్లల విషయంలో, ఎందుకు యాత్రకు పంపడం లేదో బిడ్డకు చెప్పి ఆపాలి. వీలైతే సాయంత్రం వేషాలు చూపించి రాత్రికి తెచ్చి పడుకోబెట్టాలి. ఉత్త నిషేధంకంటే అదే తక్కువ కూలికి వచ్చే కాపలా.

ఈ హద్దుకు ఒక అభ్యంతరం ఉంది. నిజం తెలిసిన సాటి కార్మికుడు కాంట్రాక్టరుకు మోసుకుపోతే? నిజం తెలిసిన పెళ్లివారు సంబంధం వదులుకుని ఊరంతా చాటితే? ఆ ప్రమాదం ఉంది. దానికి మందు రోగి దగ్గర లేదు, మన దగ్గర ఉంది. సంబంధం వద్దనుకునే స్వేచ్ఛ అవతలివారికి ఉండవచ్చు. తెలిసిన నిజాన్ని నలుగురిలో పరిచే స్వేచ్ఛ వారికి లేదు. నిజం వినే అర్హత నోరు కట్టుకోగలవారికే ఉంటుంది. బ్యాంకులో ఖాతాదారు నిల్వ ఎంతో నాకు తెలుసు. అది నాకు తెలియడం న్యాయం, బజారులో చెప్పడం నేరం. ఈపాటి మర్యాద మన ఇళ్లలో, మన సంఘాల్లో పాటిస్తే ఎన్నో మాత్రలు తలుపుచాటున మింగవలసిన అవసరం ఉండదు.

నటరాజు అపస్మారుణ్ణి ఎందుకు చంపలేదో పండితులు రకరకాలుగా చెబుతారు. నా కామర్సు బుద్ధికి ఒక్కటే తోస్తుంది. కొన్ని బాకీలు తీరేవి కావు. వాటిని అదుపులో పెట్టుకుని, వాటి ఖర్చు పద్దుల్లో స్పష్టంగా రాసుకుని, నాట్యం ఆపకుండా సాగించాలి. ఆ పద్దు రాసేది మాత్రం ఆ ఖర్చు భరించేవారే కావాలి.